పెత్రమాసకు చెప్పిన పేర్లు

పెత్రమాస, పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య, ఇంకా నాలుగు రోజులుందనగా ప్రకాశానికి అన్నం దిగడం మానేసింది. కారణం ఎవరితోనూ చెప్పుకునేది కాదు. అతను తండ్రి పేరు మరిచిపోయాడు.

అసలు తండ్రి పేరు కాదు. ఆ పేరు యాకోబు. నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. మరిచిపోయింది, పోయినేడు ఇదే ముంగిట్లో కూర్చుని అయ్యగారికి చెప్పిన దొంగ పేరు. తండ్రిది, తాతది, ముత్తాతది, మూడూ దొంగవే. మూడింట్లో ఒకటి రాజన్న అని మాత్రం గట్టిగా తెలుసు. అది తండ్రి పేరని చెప్పాడో, తాత పేరని చెప్పాడో తెలియదు. మిగతా రెండూ పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి.

శాలిబండ దాటాక ఎడమచేతి గల్లీలో, గాజుల కార్ఖానాల వెనకాల ఒక పాత దేవిడీ, నవాబుల కాలపు బంగళా, ఉంది. బట్టల వ్యాపారం చేసే సేట్లు దాన్ని కొని, ఎవరూ లేని ముసలివాళ్ల కోసం ఆశ్రమంగా మార్చి పన్నెండేళ్లయింది. బోర్డు మీద పెద్ద పేరే రాసుకున్నారు గానీ గల్లీలో అందరూ దాన్ని ముసలోళ్ల దేవిడీ అనే అంటారు. ఇరవై రెండు మంది ఉంటారు. పొద్దున ఆరింటికి చాయ, ఏడింటికి భజన, పదకొండింటికి అన్నం. మధ్యాహ్నం నల్లా దగ్గర బకెట్ల లొల్లి, సాయంత్రం రేడియో దగ్గర కుర్చీల లొల్లి. సేట్లు మంచివాళ్లు. వాళ్ల మంచితనంలో వంక పెట్టడానికి లేదు. కాకపోతే ఎవరికి మంచి చేస్తున్నారో వాళ్లకు ముందుగా తెలియాలి. ఈ ఆశ్రమం హిందువుల కోసం పెట్టుకున్నది. ఆ మాట ఫారంలో మొదటి వరుసలోనే ఉంటుంది.

ఆ ఫారం ప్రకాశం నింపలేదు. మేనేజరు వైకుంఠమే నింపాడు. ప్రకాశం వాటర్ వర్క్స్‌లో ముప్పై ఏళ్లు నల్లా ఫిట్టరుగా చేశాడు. రోజుకూలీ లెక్కన పెట్టుకున్న మనిషి కాబట్టి దిగిపోయిన రోజున చేతిలో రెంచీ తప్ప ఏమీ మిగల్లేదు. పాతబస్తీలో ఏ పైపు ఏ గోడ కిందినుంచి పోతుందో అతనికి తెలుసు. దేవిడీలో నల్లా కారినప్పుడల్లా వైకుంఠం కబురు పెట్టేవాడు. భార్య సారమ్మ పోయాక, బహదూర్‌పురాలో అద్దెకున్న గది గోడ వానకు కూలిపోయాక, ప్రకాశం వచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు. పిల్లలు లేరు. చర్చివాళ్ల ఇల్లు ఒకటుంది గానీ అది ఆడవాళ్లకు మాత్రమే. "నల్లా ప్రకాశమన్ననే గద, మనోడే," అని వైకుంఠం ఫారం తీసి గబగబా రాసేశాడు. ఏం రాస్తున్నాడో ప్రకాశం చూశాడు. నోరు తెరవలేదు. నోరు తెరిస్తే ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో అతనికి తెలియదు.

అదే అతను చేసిన తప్పు. దానికే ఏడాది మీద రెండు నెలలుగా భయపడుతున్నాడు. భజనలో పెదవులు కదిపాడు. అన్నం ముందు కళ్లు మూసుకోకుండా మొదటి ముద్ద నములుతూనే లోపల ప్రార్థన చేసుకోవడం నేర్చుకున్నాడు. బైబిలు పక్కింటివాళ్లకు ఇచ్చి వచ్చాడు. ఇవన్నీ చేయగలిగాడు. చేయలేకపోయింది ఒక్కటే.

పెత్రమాస నాడు దేవిడీలో అందరికీ సేట్లే చాటలు పెట్టిస్తారు. చాటలో బియ్యం, పప్పు, బీరకాయ, గుమ్మడికాయ ముక్క, చింతపండు. ఒక్కొక్కరూ తమ చనిపోయిన పెద్దల పేర్లు మూడు తరాలు చెప్పి ఆ బియ్యం అయ్యగారికి ఇవ్వాలి. చేరిన రెండు నెలలకే పోయినేటి పెత్రమాస వచ్చింది. చాట ముందు కూర్చోబెట్టి "తండ్రి పేరు?" అని అడిగేసరికి ప్రకాశం కళ్ల ముందు యాకోబు నిలబడ్డాడు. వాళ్ల వాడలో మొట్టమొదట చర్చి మెట్లెక్కినవాడు యాకోబు. దానికోసం తన్నులు తిన్నాడు, బావి నీళ్లు పోగొట్టుకున్నాడు. పోయినవాళ్ల ముందు పెట్టిన మెతుకు చచ్చేదాకా నోట పెట్టలేదు. ఆ పేరు ఈ చాటలో ఎలా పెడతాడు? నోటికొచ్చిన మూడు పేర్లు చెప్పేశాడు. తండ్రిని కాపాడుకున్నానని ఆ పూట కడుపునిండా తిన్నాడు కూడా.

ముసలి అయ్యగారు చెవులు మందం అయినా ప్రతిదీ పుస్తకంలో రాసుకునే మనిషి. ఆయన ఎండాకాలంలో పోయాడు. ఇప్పుడు ఆయన కొడుకు పురుషోత్తం వచ్చాడు. గురువారం పొద్దున చాయ వేళకు వచ్చి, అందరూ వింటుండగా వైకుంఠంతో అన్నాడు.

"మా నాయిన రాసిన పుస్తకం ఉన్నది. అయినా ఎవరి పేర్లు వాళ్లే నోటితో చెప్పాలె. నేను పుస్తకంల చూసుకుంట. పోయినేడు ఒక పేరు, ఈ యేడు ఒక పేరు చెప్తే, ఇచ్చిన బియ్యం ఎవరికి ముట్టాలె?"

"సొంత నాయిన పేరు ఎవడన్న మరుస్తడా అయ్యగారూ," అన్నాడు వైకుంఠం.

అందరూ నవ్వారు. ప్రకాశం కూడా నవ్వాడు. నవ్వుతుంటే దవడలు నొప్పెట్టాయి.

శుక్రవారం మధ్యాహ్నం నీలమ్మ స్తంభం దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. గాజుల దుకాణం నడిపినవాడి భార్య, మాటకారి. పోయినేడు ప్రకాశం పక్క చాట ఆమెదే. ఆమెకేమైనా గుర్తుండొచ్చని అతనికి రాత్రంతా ఆశ. వెళ్లి ఎదురుగా కూర్చుని రెండు కాయలు తనూ తీశాడు.

"నీలవ్వా, పోయినేడు పెత్రమాసకు నువ్వు నా పక్కనే కూసున్నవ్ గద."

"కూసున్న. నీ గుమ్మడికాయ నా చాటలకు దొర్లింది గూడ. నేనియ్యలే."

"అప్పుడు నేను ఏం పేర్లు చెప్పిన్నో నీకేమన్న యాదికున్నదా?"

"ఏం పేర్లు?"

"అదే. మా నాయినది, తాతది."

ఆమె చేతిలో చిక్కుడుకాయ ఆగింది.

"నీ నాయిన పేరు నన్నడుగుతున్నవా అన్నా?"

"ఊకనే. నీకు యాదికుంటదో లేదో అని."

"మంచిగున్నది నీ కత. నా మొగని పేరే నలభై ఏండ్ల సంది నేను నోట్లెకెళ్లి తియ్యలే. నీ నాయిన పేరు పెట్టుకుంటనా?"

అంటూ నవ్వింది. నవ్వు సగంలో ఆపి అతని మొహంలోకి చూసింది. చూసిన తర్వాత ఆమె గొంతు మారింది. చిన్నపిల్లలతో, రోగిష్టివాళ్లతో మాట్లాడే గొంతు అది.

"పొద్దుగాల అన్నం తిన్నవా అన్నా? పోయి జర పండుకో. గా కాయలు నేను తీస్త తియ్యి. ఈనెలు కాయలల్ల వేస్తున్నవ్, కాయలు చెత్తల వేస్తున్నవ్."

ప్రకాశం కిందికి చూశాడు. నిజమే.

లేచి వచ్చాడు. ఎంత పని చేశాడో అప్పుడు తెలిసింది. ఈ దేవిడీలో కిరస్తానీ అని తెలిస్తే గేటు బయట. అది ఒక భయం. దాని పక్కనే ఇంకో భయం ఉంది, అతను ఇన్నాళ్లూ దానివైపు చూడలేదు. అది వెనక గది.

వంటింటి వెనకాల, పూర్వం నవాబుల కాలంలో గుర్రపు సామాన్లు పెట్టుకున్న గది అది. మతి తప్పినవాళ్లను అక్కడ ఉంచుతారు. నాలుగేళ్ల కింద ఒక ముసలాయన దారి తప్పి పోయి లారీ కింద పడ్డాడు. అప్పటినుంచి సేట్లు ఆ రూలు పెట్టారు. రూలులో దుర్మార్గం ఏమీ లేదు. వేళకు అన్నం పెడతారు, పనివాడు అంజన్న వచ్చి స్నానం చేయిస్తాడు. గొళ్లెం మాత్రం బయటి వైపు ఉంటుంది. లోపల ముగ్గురున్నారు. గుండయ్య పత్తర్‌గట్టీలో ముప్పై ఏళ్లు బట్ట కొలిచినవాడు. ఇప్పుడు పొద్దంతా దుప్పటి అంచు మోచేతికి చుట్టుకుంటూ ఒకటి, రెండు, మూడు అని కొలుస్తుంటాడు. ఆ గదిలోకి పోయినవాళ్లలో తిరిగి ముందు హాలుకు వచ్చినవాణ్ని ప్రకాశం ఒక్కణ్నీ చూడలేదు.

శనివారం పొద్దున వంట చేసే సక్కుబాయి చాయ గ్లాసు ఇస్తూ అడిగింది.

"బాపూ, ఈ పొద్దు ఏం వారం?"

"శుక్రవారం."

సక్కుబాయి గ్లాసు అతని చేతిలో పెట్టి, వేళ్లు సరిగా మూసుకున్నాయో లేదో చూసి మరీ వదిలింది. ఆమె వంటింట్లోకి పోయాక అతనికి తట్టింది, శుక్రవారం నిన్న. రెండు రాత్రులు నిద్ర లేని మనిషికి వారాలు గుర్తుంటాయా? కానీ ఆ మాట ఎవరికి చెబుతాడు? వెనకాలే పోయి "శనివారం, శనివారం" అంటే ఇంకా అధ్వాన్నం.

ఆ పగలంతా అతన్ని అందరూ ఏదో ఒకటి అడిగారు. నీ మంచం నెంబరెంత అన్నా. నీ చెప్పులేవి అన్నా. అడిగిన ప్రతి ఒక్కరికీ జవాబు చెప్పాడు. చెప్పేముందు జవాబు సరైనదో కాదో రెండుసార్లు చూసుకున్నాడు. ఆ చూసుకునే ఆలస్యమే వాళ్లకు కనిపించింది.

సాయంత్రం వైకుంఠం ఆఫీసు గదిలోకి పిలిచాడు.

"కూసో అన్నా. ఒక మాట చెప్పు. మన గల్లీ మెయిన్ వాల్వు ఎక్కడున్నది?"

ప్రకాశానికి ప్రాణం లేచొచ్చింది. "మసీదు మూల మీద. నాలుగడుగుల లోతుల. మూత మీద రాయి ఉంటది, రాయి తియ్యకుంట మూత రాదు. కుడి దిక్కు తిప్పితే అన్ని వాల్వులు బందైతయి, అదొక్కటి ఎడమ దిక్కు. నైజాం కాలంది."

వైకుంఠం మొహం తేటపడింది. "గింత యాదికున్నది గద. నీలమ్మ ఏందో అన్నది. నాయిన పేరు అడుగుతుండు, మనిషి ఒక తీర్గ అయితుండు అని."

"ఆమెకు చెవులు మందం సాబ్. నేనొకటంటే ఆమె ఇంకొకటిన్నది."

"అట్లనే అనుకున్న."

ప్రకాశం ధైర్యం చేశాడు. "సాబ్, రేపు బహదూర్‌పురా పోయొస్త. పాత పక్కింటోళ్లను చూసి చాన రోజులైంది. రెండు రోజులుండి వస్త."

"రేపా? ఎల్లుండే పెత్రమాస. బాలకిషన్ సేటు ఇంటిల్లిపాది వస్తరు. అందరు ఉండాలె."

"నా బియ్యం మీరిచ్చినా అయితది."

వైకుంఠం కళ్లజోడు సవరించుకుని కాసేపు అతన్నే చూశాడు. తేటపడిన మొహం మళ్లీ ముడుచుకుంది.

"నాయిన బియ్యం నేనెట్ల ఇస్త అన్నా? పెత్రమాస అయినంక పో. ఒక్కనివి వద్దు గని, అంజన్నను ఇచ్చి పంపుత."

ఒక్కనివి వద్దు అన్న మాట ప్రకాశం గుండెలో దిగింది. ఆదివారం పొద్దున గేటు దగ్గరకు పోయి చూశాడు. అంజన్న స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆదివారాలు అంజన్న అక్కడ కూర్చోవడం ఎప్పుడూ లేదు.

"ఏం గావాలె బాపూ?" అన్నాడు, గొంతు పెంచి.

"నాకు చెవులు మంచిగనే ఉన్నయి," అన్నాడు ప్రకాశం.

"అవునవును," అన్నాడు అంజన్న.

ఆ రోజంతా మంచం మీద పడుకుని పేర్ల కోసం వెతికాడు. పోయినేడు ఆ పూట ఎటు చూస్తూ చెప్పాడు? ఎదురుగా చేదబావి ఉంది. బావి చూస్తే పని గుర్తొచ్చి ఉంటుంది, పనిలో మేస్త్రీ రాజన్న గుర్తొచ్చి ఉంటాడు. మరి మిగతావాళ్లు? తనతో గుంతలు తవ్వినవాళ్ల పేర్లన్నీ ఒక్కొక్కటే నోట్లో వేసుకుని చూశాడు. ప్రతి పేరూ అదే అనిపించింది. ప్రతి పేరూ కాదనిపించింది. ఎవరైనా చూస్తున్నారేమోనని గోడవైపు తిరిగాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకోవడం కూడా మతి తప్పిన లక్షణమే అంటారేమోనని ఇటువైపు తిరిగాడు.

సోమవారం అమావాస్య. ముంగిట్లో చాపలు పరిచి, చాటలు వరుసగా పెట్టారు. బాలకిషన్ సేటు తెల్లటి ధోవతిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అరవై ఏళ్ల మనిషి, చెయ్యి పెద్దది, మాట మెత్తన. పురుషోత్తం అయ్యగారు పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క చాట దగ్గరా కూర్చుని లేస్తున్నాడు. పేర్లు గలగలా పడుతున్నాయి. తొంభై ఏళ్ల ముసలివాళ్లు, పళ్లు లేనివాళ్లు, ఏ పూట ఏం తిన్నారో తెలియనివాళ్లు కూడా తండ్రి, తాత, ముత్తాత అని తడుముకోకుండా చెప్పేస్తున్నారు. ప్రకాశానికి వాళ్లందరి మీదా కోపం వచ్చింది.

నీలమ్మ వంతు వచ్చింది. భర్త పేరు ఆమె నోటితో చెప్పదు. "మీరే చదువుండ్రి అయ్యగారూ," అని తల వంచుకుంది. అయ్యగారు చదివాడు, ఆమె తలూపింది. అయిపోయింది. ప్రకాశం ఆమె వంచిన తలవైపు చూశాడు. ఈ లోకంలో పేరు చెప్పకపోతే మర్యాద అనిపించుకునేది ఆడదానికే కదా అనుకున్నాడు. అంతలో అయ్యగారు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"గోత్రం?"

"తెల్వదు అయ్యగారూ."

"ఫరవాలేదు. తండ్రి?"

"రాజన్న."

పుస్తకం మీద వేలు ఆగింది. అయ్యగారు తలెత్తాడు, మళ్లీ దించాడు.

"తాత?"

ప్రకాశం బావివైపు చూశాడు. బావి మీద రేకు కప్పి ఉంది. "లింగం. రాజలింగం."

"పోయినేడు తండ్రి బాలనర్సింహ అని చెప్పిండ్రు. రాజన్న తాత."

"ఔ. ఔ. బాలనర్సింహ. తండ్రి బాలనర్సింహ, తాత రాజన్న."

"మరి ముత్తాత?"

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమని మధ్యలోనే మింగేశారు. రాజలింగం అంటే సరిపోతుందా? పోకపోతే? ప్రకాశం మెల్లగా అన్నాడు, "రాజలింగం."

అయ్యగారు పుస్తకం మూశాడు. అబద్ధం పట్టుకున్నవాడి మొహం కాదు అది. జాలిపడ్డవాడి మొహం.

"వీరయ్య," అన్నాడు చిన్నగా. "నేనే చెప్త తియ్యండి. మీరు చెయ్యి పెట్టండి చాలు."

బాలకిషన్ సేటు కుర్చీలోంచి లేచి వచ్చాడు. అంత పెద్ద మనిషి వంగి ప్రకాశం భుజం మీద చెయ్యి వేశాడు.

"పెద్దాయనా, ఫికర్ చెయ్యకు. మా బాపు ఆఖరికి నన్నే గుర్తువట్టలే. నన్ను జూసి దుకాణానికి వచ్చిన గిరాకీ అనుకునేటోడు." ఆయన కళ్లు నిజంగానే తడిశాయి. తర్వాత వైకుంఠం వైపు తిరిగాడు. "ఈనను జర మంచిగ చూసుకోండ్రి. ఎనక గదికి మార్చుండ్రి. గేటు కాడ ఒక్కన్ని వదలకుండ్రి."

ప్రకాశాన్ని అంత ప్రేమగా ముట్టుకున్నవాళ్లు సారమ్మ పోయాక ఎవరూ లేరు. ఆ చెయ్యి కింద అతని ఒళ్లంతా చల్లబడిపోయింది.

సేటు వాళ్లు భోజనాలకు లేవగానే ప్రకాశం వైకుంఠం ఆఫీసు గదిలోకి పోయాడు. పిలవకుండా పోవడం అదే మొదటిసారి.

"సాబ్, నా మతి మంచిగనే ఉన్నది. నన్ను ఎనకకు పంపకుండ్రి. ఆ పేర్లు నావి గావు."

"మరెవ్వరివి అన్నా?" అన్నాడు వైకుంఠం, అదే మెత్తటి గొంతుతో.

"ఎవ్వరియో. నోటికొచ్చినయి చెప్పిన. మా నాయిన పేరు యాకోబు. మా తాత మల్లయ్య. ఆయన బాప్తిస్మం తీసుకోలే, మా నాయిన తీసుకున్నడు. మేం కిరస్తానీలం సాబ్. మతి ఉన్నోన్నే చెప్తున్న."

వైకుంఠం లేచి తలుపు మూశాడు. వచ్చి కూర్చున్నాడు. కళ్లజోడు తీసి తుడవబోతే అది చేతిలోంచి జారి బల్ల మీద పడింది.

"ఎవ్వరికన్న చెప్పినవా?"

"లే."

"ఆ ఫారం నా చేతితోటే నేను రాసిన."

"ఔ సాబ్."

"నిన్ను అడగలే."

"అడగలే. నేను గూడ చెప్పలే."

"వంటింట్ల నల్లా బాగు చేసినవ్. దేవుని అర్రల పైపు పగిలితే లోపల కూసోని అతికినవ్. నేనే పంపిన." వైకుంఠం గొంతు తగ్గించాడు. "సేటుకు తెలిస్తే నిన్నొక్కన్నే పంపుతడనుకున్నవా? ఆయన దుకాణంల ఇరవై ఏండ్లు మునీముగ లెక్కలు రాసిన. నమ్మి ఇక్కడ కూసోబెట్టిండు. నాకు ఇద్దరు బిడ్డలు, ఇంక చదువుతున్నరు."

ప్రకాశం ఇన్నాళ్లూ ఈ మనిషికి భయపడ్డాడు. ఈ మనిషి ఇంత భయస్తుడని తెలిశాక అతనికి ఇంకా భయమేసింది.

"ఇగో, చెప్తున్న," అన్నాడు వైకుంఠం చివరికి. "నువ్వేం చెప్పలే, నేనేం ఇనలే. నీకు మతి పోయింది. సేటు ముందట పోయింది, అందరు చూసిండ్రు. మతి లేనోడు యాకోబు అన్నా, ఇంకోటన్నా ఎవ్వడు పట్టించుకోడు. బతికినన్నాళ్లు అన్నం దొరుకుతది. లేదు, మతి ఉన్నదంటవా, ఈ పొద్దే సంచి సదురుకో. నేను ఆపను. అంజన్నకు చెప్త, తలుపు తీస్తడు."

ప్రకాశం సంచి సర్దుకున్నాడు. రెండు పంచెలు, ఒక దుప్పటి, రెంచీ. నలుగురూ పంక్తిలో తింటున్న సమయం కాబట్టి ఎవరూ చూడలేదు. అంజన్న చిన్న తలుపు తీసి పక్కకు తప్పుకున్నాడు.

గడప మీద నిలబడి గల్లీ చూశాడు. సన్నటి వాన పడుతోంది. ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. బహదూర్‌పురా గది ఇప్పుడు మోటారు షెడ్డయింది. అక్కడి పక్కింటివాళ్లు రెండు రోజులుండనిస్తారు, అంతే. పాత పాస్టరు గారు బదిలీ అయి రెండేళ్లు. మోకాళ్లు పది నిమిషాలకు మించి నడవనివ్వవు. ఈ గల్లీ కింద ఎన్ని పైపులున్నాయో తెలిసినవాడికి ఈ గల్లీ పైన ఒక్క గుమ్మం కూడా తెలియదు. అటు దుకాణం అరుగు మీద తన వయసువాడే ఒకడు గోనెసంచి కప్పుకుని ముడుచుకుని ఉన్నాడు. ఆ మనిషి బతికే ఉన్నాడో లేదో ఇక్కడినుంచి తెలియడం లేదు. ప్రకాశం చాలాసేపు చూశాడు. గోనెసంచి కదలలేదు.

వెనక్కి తిరిగాడు.

"అంజన్నా, ఎనక గది ఎటున్నది?"

ఏడాదిగా రోజూ చూసే గది. జవాబు తెలిసి తెలిసి అతను అడిగిన మొదటి ప్రశ్న అది. అంజన్న చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు.

గదిలో నాలుగో మంచం వేశారు. గొళ్లెం పడిన చప్పుడుకు గుండయ్య కొలవడం ఆపి చూసి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. రెండో రోజు పొద్దున, చాయ తాగుతుండగా, పోయినేడు చెప్పిన పేర్లు ఎక్కడివో ప్రకాశానికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. బాలనర్సింహ ట్యాంకర్ డ్రైవరు. వీరయ్య పైపులు మోసిన కూలీ. రాజన్నతో కలిపి ముగ్గురూ ఒక లారీలో కూర్చుని బీడీలు తాగిన రోజు అతని కళ్ల ముందుకు వచ్చింది. గ్లాసు కింద పెట్టి, ఎవరూ చూడకుండా తల గోడకు కొట్టుకున్నాడు. మెల్లగానే, చప్పుడు కాకుండా.

ఆ గదిలో మాటకు విలువ లేదు. నీలమ్మ కిటికీ దగ్గరకు వచ్చి, అతను ఎదురుగా కూర్చుని ఉండగానే సక్కుబాయితో "మంచి మనిషి పాపం, ఎట్లుండె ఎట్లయిండు" అంది. "నీలవ్వా, నేను మంచిగనే ఉన్న," అంటే "ఉన్నవ్ బిడ్డా, ఉన్నవ్," అంది. అతనికంటే ఆమె నాలుగేళ్లు చిన్నది. వంటింట్లో నల్లా కారుతున్న చప్పుడు విని, వాషరు మార్చాలని అంజన్నకు చెప్పాడు. అంజన్న "అట్లనే బాపూ" అని అతని నోరు తుడిచి పోయాడు. నల్లా వారం రోజులు కారింది.

దసరా అయిన మూడో రోజు బాలకిషన్ సేటు మిఠాయి తీసుకుని వచ్చాడు. నాలుగు మంచాల దగ్గరా నిలబడి తన చేత్తోనే పెట్టాడు. వెనకాల వైకుంఠం. ప్రకాశం మంచం దగ్గరకు రాగానే సేటు అంచు మీద కూర్చున్నాడు.

"పెద్దాయనా, మంచిగున్నవా? మీ నాయిన పేరు యాదికొచ్చిందా?"

వైకుంఠం మొహం సున్నం కొట్టినట్టయింది. ప్రకాశం ఆ మొహం చూశాడు, సేటు చేతిలో మిఠాయి చూశాడు, తెరిచి ఉన్న తలుపు చూశాడు. బాలనర్సింహ అంటే మతి తిరిగొచ్చిందని ముందు హాలుకు పంపుతారేమో. పంపితే వచ్చే ఏడు మళ్లీ చాట, మళ్లీ పుస్తకం. ఆ ఏడంతా వైకుంఠం తనకు, తను వైకుంఠానికి భయపడుతూ బతకాలి. ఒక రోజు అతనికి భయం ఎక్కువైతే ఆ సంచి మళ్లీ గడప దాటుతుంది.

"రాలే సేఠ్," అన్నాడు.

"ఫికర్ లేదు. రాకుంటే ఏమాయె," అని సేటు భుజం తట్టి లేచాడు. వైకుంఠం ఊపిరి వదిలిన చప్పుడు ప్రకాశానికి వినిపించింది.

వాళ్లు పోయారు. గొళ్లెం పడింది. మిఠాయి చేతిలో అలాగే ఉంది. తను ఆ మాట ఎంత తొందరగా అన్నాడో అప్పుడు తలచుకున్నాడు. తడుముకోలేదు, మింగలేదు. నిజంగా గుర్తులేనివాడు ఎలా అంటాడో అలాగే అన్నాడు. వెంటనే లోపల చెప్పుకున్నాడు. యాకోబు. ఉంది, ఎక్కడికీ పోలేదు. ఇంకోసారి చెప్పుకున్నాడు. అమ్మ ఎస్తేరమ్మ. భార్య సారమ్మ. తాత మల్లయ్య. వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. లోపల చెప్పుకుంటే సరిగా అన్నాడో లేదో తెలియడం లేదని పెదవులతో అన్నాడు. పెదవులతో అంటే చెవికి వినిపించడం లేదని కాస్త గొంతు కలిపాడు. యాకోబు, యాకోబు, యాకోబు.

అన్నం పళ్లాలు తెచ్చిన అంజన్న గుమ్మంలో ఆగి విన్నాడు.

"సక్కుబాయక్కా, ఈన గూడ షురూ చేసిండు," అన్నాడు వెనక్కి తిరిగి.

"ఏమంటుండు?"

"ఏమో. ఒకటే మాట, మళ్ల మళ్ల."

"అననియ్యి తియ్యి. లొల్లి చెయ్యకుంటే చాలు," అంది సక్కుబాయి వంటింట్లోంచి.

ప్రకాశం పెదవులు మూసుకున్నాడు. అంజన్న పళ్లెం ముందు పెట్టి, అన్నం కలిపి, మొదటి ముద్ద నోటి దగ్గరకు తెచ్చాడు. ప్రకాశం నోరు తెరిచాడు. ముద్ద నములుతుండగా, నోరు మూసుకున్న ఆ కాసేపట్లో పేరు జారిపోయిందేమోనన్న భయం మళ్లీ పట్టుకుంది. మింగేదాకా ఆగలేక, మెతుకుల మధ్యనుంచే మొదలుపెట్టాడు.